మూడో షరతు

ఎనిమిదో తరగతిలో నేను బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా పూర్తి కాలేదు. మా ఆవిడ మాత్రం నర్సింగ్ డిగ్రీ చేసి, పాప పుట్టాక, విజయనగరంలో ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరింది. నెల్లిమర్ల జూట్ మిల్లులో నాతో పనిచేసేవాళ్లు, "ఇంట్లో సదువంతా ఒక్కరి దగ్గరే పోగైపోనాదేట్రా" అని ఆటపట్టించేవారు. పంచుకుందామంటే ఆవిడ ఇవ్వడం లేదనేవాణ్ణి.

మొదటి ఏడాది పరీక్షల్లో ఆవిడ రెండు సబ్జెక్టులు తప్పింది. కాలేజీవాళ్లు ప్రొబేషన్‌లో పెట్టారు. అంటే, వచ్చే పరీక్షల్లో ఆ రెండూ గట్టెక్కాలి, వార్డు డ్యూటీ ఒక్కరోజు కూడా మానకూడదు. ఏది తప్పినా సీటు పోతుంది. దీనికి ఇంటి పెద్ద వచ్చి పూచీ సంతకం పెట్టాలన్నారు. మా ఇంటికి పెద్ద ఎవరన్నది నాకే అనుమానం గానీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

ప్రొఫెసర్ మేడమ్ ఒక కాగితం నా ముందుకు జరిపారు. నిండా ఇంగ్లీషు.

"పూర్తిగా చదివి సంతకం పెట్టండి. తర్వాత తెలీదంటే కుదరదు."

ఇంగ్లీషు రాదని చెప్పడానికి రెండు మాటలు చాలు. కానీ పక్క కుర్చీలో మా ఆవిడ ఉంది. ఆవిడ ముందు, ఆ గదిలో, ఆ రెండు మాటలు నోటికి రాలేదు. కళ్లను ఒక్కో వరుస మీదా నడిపించాను. మధ్యలో ఒకచోట ఆగి, కనుబొమలు ముడిచి, తల కూడా ఊపాను. కాగితం తిప్పితే వెనక ఖాళీ. దాన్నీ కాసేపు చదివాను.

"మూడో షరతుతో ఇబ్బందేం లేదు కదా?"

"మంచి షరతు మేడమ్," అని సంతకం పెట్టేశాను.

ఆ మంచి షరతేమిటో బస్టాండులో మా ఆవిడ చెప్పింది. ప్రొబేషన్ తీసేవరకు ఆవిడ హాస్టల్లోనే ఉండాలి. ఆదివారం సాయంత్రం ఒక గంట ఇంటివాళ్లు వచ్చి చూడొచ్చు. పాపకి అప్పటికి మూడేళ్లు.

మిల్లు నుంచి వచ్చేసరికి పాప దువ్వెన పట్టుకుని గుమ్మంలో ఉండేది. నేను జడ వేస్తే విప్పేసి, "అమ్మ ఏసినట్టు లేదు" అనేది. మిల్లంతటినీ నవ్వించేవాణ్ణి, ఆ గుమ్మంలో కూర్చుని జడ మళ్లీ మొదట్నుంచి అల్లేవాణ్ణి. మా అమ్మ రోజూ, "ఎప్పుడొస్తాదిరా?" అని అడిగేది. సంతకం పెట్టింది నేనేనని అమ్మకి చెప్పలేదు.

రెండు నెలలకి పాపకి జ్వరం వచ్చి, అమ్మ కావాలని ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. జ్వరం తగ్గాక, మిల్లులో గుమస్తాని బతిమాలి ఒక అర్జీ రాయించాను. నాకు ఇంగ్లీషు రాదు, చదవకుండా సంతకం పెట్టాను, మూడో షరతు తీసేయండి అని. ఆదివారం హాస్టల్‌కి వెళ్లి ముందు మా ఆవిడకి చూపించాను. పాప ఆవిడ ఒళ్లో ఉంది.

"ఏటి బావా ఇది?"

"నిజం. రేపు మేడమ్‌కిస్తాను. ఇంటికొచ్చేసి సదువుకుందువుగాని."

ఆవిడ అర్జీని మడిచింది.

"నువ్వు సదవలేదని నాకు అప్పుడే తెలుసు. ఎనకాల ఖాళీ కాగితం కూడా సదివీసినావు."

"మరి అప్పుడే సెప్పకపోనావేటి?"

"నాను సదివాను కాబట్టి." పాప జుట్టు సవరిస్తూ అంది. "ఇంట్లో పుస్తకం తీస్తే ఇది ఒళ్లోకొచ్చీస్తాది, అత్త టీ అడుగుతాది, నువ్వు జోకులేస్తావు. నాను మళ్లీ తప్పుతాను బావా. ఈసారి తప్పితే పంపించేస్తారు. ఇక్కడుండాలని నాకు మాత్రం ఉన్నాదేటి?"



టైమైపోయిందని గంట కొట్టారు. అర్జీ నా జేబులో పెట్టి ఆవిడ లేచింది. పాప ఆవిడ చున్నీ వదల్లేదు. దాని వేళ్లు ఒక్కొక్కటే నేనే విప్పాను. ఆవిడ వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. పరీక్షలకి ఇంకా ఏడు వారాలున్నాయి.