పాల నావ

దెయ్యాల మాట ఎవరైనా నా ముందు ఎత్తితే చీపురు తిరగేసేదాన్ని. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లాలే తప్ప, దేవుడు పూని మంత్రం వేసే సిరహా దగ్గరకని కోడిని పట్టుకెళ్లిన ఇల్లు కాదు మాది. నా చదువు మూడో తరగతితోనే ఆగింది. అయినా కళ్లతో చూడనిది నమ్మకూడదని మాత్రం నేర్చుకున్నాను. ఇది నా కళ్లతో చూసిందే. మనవలకి కూడా ఇంతవరకు చెప్పలేదు. భయపడి కాదు, సిగ్గుపడి.

మా ఆయన రైల్వేలో చేసేవారు. అందుకే జగదల్‌పూర్ దాటి ఈ బచేలి చేరాం. కొండ మీద ఇనుప రాయి తవ్వుతున్నంత కాలం మా ఊళ్లో పనికీ కొదవ లేదు, ఎర్ర దుమ్ముకీ కొదవ లేదు. ఉతికిన చీర ఎరుపు, అన్నం గిన్నె మూత ఎరుపు. ఇంటికి ఎవరొచ్చినా గచ్చు మీద ఎర్రటి అడుగులు పడతాయి. వాళ్లు వెళ్లగానే తుడవడం నా పని.

పక్క క్వార్టర్ మేరమ్మది విజయనగరం వైపు. వెనక వరసలో ఉండే శాంతది జగదల్‌పూర్. ఇంట్లో హల్బీ, బజార్లో హిందీ, మాతో వచ్చీరాని తెలుగు. ముగ్గురికీ ఇంటి బరువులు తీరాక, ఒక్కసారైనా సముద్రం మీద తిరిగి రావాలనుకున్నాం. మేరమ్మ తమ్ముడికి అండమాన్‌లో పడవ ఉంది. నాలుగు రోజులు దీవుల చుట్టూ తిప్పుతానన్నాడు.

మేరమ్మకి ఫోన్లో సరిగా వినపడదు. అందుకని అతనితో హిందీలో శాంతే మాట్లాడేది. "పాల్ వాలీ నావ్ దీదీ!" అని మురిసిపోయేది. దీవులకి పాలు పోసే నావ కాబోలు, బిందెల మధ్య మమ్మల్ని కూర్చోబెట్టి చవగ్గా తిప్పుతాడు కాబోలు అనుకున్నాను. అది నాకు నచ్చింది కూడా. అడిగితే నవ్వుతారని అడగలేదు.

తిండి సంగతి నేను చూసుకుంటానన్నాను. దుకాణంలో ఒక్క పొట్లం కొననివ్వలేదు. జంతికలు వండాను, పులిహోర గుజ్జు చేశాను. పాత బియ్యం సంచులు కత్తిరించి, నీళ్లు పట్టని సంచులు కుట్టమని వాళ్లిద్దరికీ పని పెట్టాను. మిషను మేరమ్మ ఇంట్లో ఉంది.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం కోవా కోసం పాలు మరగబెడుతున్నాను. తలెత్తితే గుమ్మంలో శాంత. మంచి ఎండాకాలం, చినుకన్నది లేదు. అయినా చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకి అంటుకుని ఉన్నాయి. లోపలికి రాలేదు.

"దీదీ, పాల్ ఫట్ గయా," అంది.

పాలు విరిగితే హిందీలో ఫట్ గయా అంటారు. సగం అదీ సగం ఇదీ కలిపి మాట్లాడడం మా కాలనీలో మామూలే. దాని పాలు విరిగాయి, నా పాల కోసం వచ్చింది అనుకున్నాను.

"విరిగితే పంచదారేసుకుని తినీ. నా పాలు కోవాకే చాలవు," అన్నాను.

మళ్లీ అదే మాట అంది. ఈసారి నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. తలుపు వేసేశాను.

కోవా దించాక గచ్చు తుడవడానికి తలుపు తీశాను. అడుగులున్నాయి. ఎర్రగా లేవు. తడి ఆరిపోయి, ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా ఉన్నాయి. తుడిచిన గుడ్డకి కూడా ఎరుపు అంటలేదు.

మర్నాడు స్టేషన్లో శాంత ఎప్పటిలాగే నవ్వుతోంది. నాకే ముఖం చెల్లలేదు. ఆ సంగతి ఎత్తకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ అది కోవా పొట్లం విప్పి, మొదటి ముక్క నా చేతిలోనే పెట్టింది. ఇక ఉండబట్టలేదు.

"నిన్న పాలు ఇవ్వలేదని ఏటీ అనుకోకే," అన్నాను.

"ఏ పాలు దీదీ? నిన్న నేను నీ ఘర్‌కి రాలేదు కదా!"

మేరమ్మ అందుకుంది. "ఓలమ్మో! పొద్దున్నుంచి దీపాలెట్టేదాకా ఇది నా మిషను ఒగ్గితేనా? పొయ్యి వేడికి నీకు తల తిరిగినట్టుంది ఒదినా."

"మరి పాల్ ఫట్ గయా అని రెండుసార్లు అన్నావు కదే?"

శాంత నవ్వు ఆగిపోయింది. "పాల్ అంటే దూద్ కాదు దీదీ. నావకి కడతారే, పెద్ద కపడా, గాలి కోసం..."

"చాపా?" అంది మేరమ్మ.

తెరచాప. గుడ్డ చిరిగినా హిందీలో ఫట్ గయా అనే అంటారు. ఇన్నాళ్లూ నేను పాల బిందెల పడవకి సామాను సర్దాను. వాళ్లు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

శాంత అక్కడి నుంచే ఫోన్ చేసింది. చాప బాగానే ఉందన్నాడు మేరమ్మ తమ్ముడు. మడత విప్పి చూడమని శాంత పట్టుబట్టింది. రైలు కొండలు దిగుతుండగా అతనే తిరిగి చేశాడు. లోపలి మడతలో కుట్టు వెంబడి మనిషి పొడుగున చిరిగి ఉందట. చూడకపోయి ఉంటే నడి సముద్రంలో గాలి పట్టాకే తెలిసేదట. మీకెవరు చెప్పారని అడిగాడు. శాంత నా వైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.

చాప మార్చాకే పడవ ఎక్కాం. ఒకరోజు కెరటం ఎగిసిపడి శాంత కుచ్చిళ్లు తడిశాయి. చెక్కల మీద దాని అడుగులు ఆరాయి. తెల్లగా, ఉప్పు పేరుకుని. నేను తుడవలేదు.

ఆ మధ్యాహ్నం వచ్చింది శాంత కాదు. దానికి మేరమ్మే సాక్షి. మరి ఎవరో, శాంత ముఖంతో ఎందుకు వచ్చారో ఈనాటికీ నాకు తెలియదు. మమ్మల్ని బతికించాలని ఎవరో నా గుమ్మం దాకా వచ్చి, అర్థం కాలేదేమోనని రెండోసారి కూడా చెప్పారు. నేను పాలు దాచుకుని తలుపు వేశాను.