ఆఖరివాడి అభిమాని

సోమలింగానికి ఈ లోకంలో ఉన్న పిచ్చి ఒక్కటే. పెద్ద గోల్ఫ్ పోటీ మొదలైన నాడు, అందరికంటే అధ్వానంగా ఆడినవాడెవడో కనుక్కోవడం. గెలిచేవాడితో ఆయనకు పనిలేదు. ఫోన్‌లో పట్టికను అట్టడుగు నుంచి తెరిచి, ఆఖరివాడి పేరు దగ్గర ఆగి, గుడి మెట్టు కనబడ్డట్టు కళ్లకద్దుకునేవాడు.

సూరత్ నవాగామ్‌లో మరమగ్గం నడిపే మనిషికి గోల్ఫ్ ఎలా పట్టుకుందన్న చారిత్రక ప్రశ్నకు సమాధానం ఉంది. ఏళ్ల తరబడి సాంచెల, అంటే ఆ మగ్గాల, మోతలో నలిగిన చెవులు ఆయనవి. క్రికెట్‌లో వ్యాఖ్యానం వినబడకపోతే సగం ఆట పోయినట్టే. గోల్ఫ్‌లో ఎలాగూ ఎవరూ నోరు విప్పరు. చెవులున్నవాడికీ లేనివాడికీ సమానహక్కులిచ్చిన ఆట అది.

అయితే ఆ ఆటలోని నిశ్శబ్దం మాత్రం ఆయనకు అబ్బలేదు. సాంచెల మధ్య అరిచినట్టే ఐలమ్మ చాయ్ బండి దగ్గరా అరిచేవాడు.

"ఐలమ్మా, ఇయ్యాల ఆఖరోడు ఒక్క బొక్కల బంతి ఎయ్యనీకె పన్నెండు దెబ్బలు గొట్టిండు!"

"నా మొగడు గోడకు ఒక్క మొల దిగనీకె గన్నే గొట్టిండు. ఆయిన్ను టీవీల జూపెట్టరేందయ్యా?"

బండి చుట్టూ నవ్వులు. ఆ దారినే పోయే కూతురు నీరజ మాత్రం చున్నీ మొహం మీదికి లాక్కుని, ఈ సోమలింగం ఏ ఊరివాడో అన్నట్టు నడిచిపోయేది. స్నేహితురాళ్ల తండ్రులకు తాగుడు, పేకాట లాంటి గౌరవప్రదమైన అలవాట్లున్నాయి. తన తండ్రికే ఇది రాసిపెట్టి ఉంది.

"బాపూ, చెప్తే గెల్చినోని సంగతి చెప్పరాదే? ఇజ్జత్ పోతున్నది."

"గెల్చినోనికి నేనెందుకు బిడ్డా? ఆనికి కప్పిస్తరు."

దసరా ముందు నీరజకు రింగ్ రోడ్ చీరల మార్కెట్‌లో ఉద్యోగం దొరికింది. రోజూ పొద్దున పదింటికి ఫోన్ ముందు నిలబడి, చీరలు చూపిస్తూ, లైవ్‌లో తెలుగువాళ్లకు అమ్మాలి. ఆమె తొలి ప్రసారం గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత పుణ్యం. మొదటి చీరనే తలకిందులుగా పట్టుకుంది. నెమళ్లన్నీ కాళ్లు పైకెత్తి వేలాడాయి. "మేడం, ఆ పక్షులు బతికే ఉన్నాయా?" అని ఎవరో రాశారు. అది చదివాక మధ్యలోనే ఏడుస్తూ పక్కకు తప్పుకుంది. కొట్టు సేఠ్ తిట్టలేదు. "కల్ ఆనా హో తో ఆనా" అన్నాడు. వస్తే రా, లేకపోతే లేదు. తిట్టినా బాగుండేది. ఇక ఆ గడప తొక్కకూడదని తీర్మానించుకుని ఇంటిదారి పట్టింది.

బండి దగ్గర తండ్రి గొంతు ఆమెను పట్టేసింది.

"బిడ్డా, ఇన్నవా? ఇయ్యాల పెద్ద పోటీ షురువైంది! ఒగడు కర్రనే తలకిందులు వట్టుకున్నడు. అందరు నవ్విన్రు. నడిమిట్లనే ఏడ్సుకుంట పోయిండు."

నీరజ చెంపలు భగ్గుమన్నాయి. అనుమానం వచ్చి ఫోన్‌లో వెతికింది. ఈ ఏటి పెద్ద పోటీలన్నీ వానాకాలంలోనే ముగిశాయి.

ఐలమ్మ చాయ్ అందిస్తూ గొంతు తగ్గించింది. "ఊరికెల్లి కొత్తగొచ్చినోడు తొలినాడే సాంచె మీద బట్ట ఖరాబు జేసి, గీడ తల వంచుకొని కూసున్నడనుకో, మీ బాపుకు గోల్ఫ్ యాదికొస్తది. పోటీ ఉన్నా లేకున్నా! నా కొడుక్కు సుత గిదే కత జెప్పిండు. ఇయ్యాల నీ వంతు."

తాను చున్నీ కప్పుకుని దాటిపోయిన సాయంత్రాలన్నీ నీరజకు గుర్తొచ్చాయి. పొద్దుటి సిగ్గు దీని ముందు పిల్లసిగ్గు అనిపించింది. చాయ్ గ్లాసుతో వెళ్లి తండ్రి పక్కనే, అందరికీ కనబడేలా కూర్చుంది.

"బాపూ, ఆని పేరేంది?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వేయలేదు. సోమలింగం గోడ వంక, ఆకాశం వంక, చివరకు బిస్కెట్ల సీసా వంక చూశాడు.

"ఇంగ్లీషు పేరు బిడ్డా. నోరు దిరగదు."

"రేపొస్తడా మరి?"

"ఎందుకు రాడు! గెల్వనని ఎర్కున్నా రెండోనాడు రావాలె. గదే ఆట."

"మల్ల నవ్వితే?"

"నవ్వనీ. ఒక్కనాడు నవ్విన మొహాలు రెండోనాడు ఆటనే జూస్తయి."

"ఎన్ని గంటలకంట?"

"పదింటికి. సాంచె బంద్ వెట్టి మరీ జూస్త," అన్నాడు సోమలింగం గంభీరంగా. "నువ్వు జర ఎనిమిదింటికే బస్సెక్కు."