జయదేవ్ గారి ఫిన్లాండ్ దీపం

కెనడాలోని మిస్సిసాగాలో మా టౌన్‌హౌస్‌కు గోడ కలిసిన ఇల్లు జయదేవ్‌ది. స్వస్థలం ఏలూరు. డాలస్‌లో ఆరేళ్లుండి, గ్రీన్‌కార్డు వరస కదలక ఇటు వచ్చాడు. ఒక ఇన్సూరెన్సు కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. ఇంతవరకూ వంక పెట్టడానికేమీ లేదు. అతనికి అభిరుచి అనే జబ్బు పట్టింది, అదీ బాధ.

మొదట కాఫీ గింజలు. ఫలానా కొండ మీద, ఫలానా నెలలో కోసినవైతేనే తాగుతానన్నాడు, చికోరీ కలిపిన కాఫీతో పెరిగిన మనిషి. తర్వాత పాతకాలపు రికార్డులు. వాటిని వినిపించే యంత్రం ఈనాటికీ కొనలేదు. అట్టలు గోడకు బిగించుకుని చూస్తుంటాడు. మూడోది ఈ దీపం.

సడ్‌బరీ దగ్గర ఎవరో ఫిన్లాండ్ ముసలావిడ ఇల్లు ఖాళీ చేస్తోందని తెలిసి, పోనూ రానూ ఎనిమిది గంటలు డ్రైవ్ చేసి తెచ్చాడు. వచ్చేటప్పుడు దీపం ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంది. భార్య మృదుల వెనక సీట్లో అట్టపెట్టెల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

పైకప్పుకు వేలాడదీసే దీపం అది. ఇత్తడి కాడ, దాని చివర పాలలా తెల్లటి గాజు గోళం. డెబ్బై ఏళ్ల నాటిదట. నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగానే ఉంది. నా కోపం దాని మీద కాదు.

బిగించేరోజు గోళం పట్టుకోవడానికి నన్ను పిలిచాడు. స్టూలెక్కి నలభై నిమిషాలు మోశాను.

"పాండురంగ గారూ, జాగ్రత్తండీ. పడితే ఇంకోటి దొరకదు."

"నేను పడితేనో?"

"మీకేమవుతుందండీ!" అన్నాడు, నవ్వకుండా.

ఆ చోట అంతకుముందు ఒక LED ప్యానెల్ ఉండేది. దాని కింద డైనింగ్ టేబుల్ మీద మృదుల చదువుకునేది. కాకినాడలో ఫార్మసీ చదివిన పిల్ల. ఇక్కడ లైసెన్సు పరీక్ష నెగ్గితేగానీ ఫార్మసిస్టుగా పని ఇవ్వరు. ఒకసారి తప్పింది. నవంబరులో మళ్లీ తప్పితే చదువు కట్టిపెట్టి, గోడౌన్‌లో పెట్టెలకు లేబుళ్లు అంటించే పనిలోనే ఉండిపొమ్మని జయదేవ్ గడువు పెట్టాడు. గడువు పెట్టినవాడే ఆ ప్యానెల్ పీకేసి, ఈ గోళంలో మిణుగురంత బల్బు పెట్టాడు.

"కొంచెం పెద్ద బల్బు వేద్దామండీ. LED అయితే వేడి కూడా ఎక్కదు," అంది మృదుల.

"ఆ తెల్ల వెలుగా? డైనింగ్ రూమ్ కాస్తా ఆపరేషన్ థియేటర్ అయిపోతుంది. యాంబియన్స్ ముఖ్యం మృదులా."

"నాకు అక్షరాలు కనబడొద్దూ?"

"ఫోన్ టార్చ్ వేసుకో."

ఆమె పుస్తకాలు తీసుకుని బేస్‌మెంటులోకి దిగింది. వాషింగ్ మెషీన్ పక్కన బట్టలు మడతపెట్టే బల్ల, పైన వైరుకు వేలాడే బోడి బల్బు. చలికి, వెచ్చదనం కోసం ఖాళీ డ్రయ్యర్ తిప్పుకుంటూ చదివేది. గోడకు ఇవతల మా బేస్‌మెంటులో ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ నేను వినేవాణ్ణి. మందుల పేర్లన్నీ వల్లె వేసేది. ఆ పేర్లలో సగం నాకూ వచ్చేశాయి.

పైన మాత్రం వారం వారం దీప దర్శనం. ధర చెప్పడు, మనం అడిగేదాకా ఊరుకోడు. ముసలావిడ చెప్పిన కథ అందరికీ అప్పజెప్పేవాడు.

"ఆవిడా, నలుగురు తోబుట్టువులూ, మొత్తం ఐదుగురు పిల్లలు దీని కిందే చదువుకుని పైకొచ్చారండీ. ఒకాయన డాక్టరట. ఈ వెలుగుకి ఒక హిస్టరీ ఉంది!"

అక్కడ గొంతు బొంగురుపోయేది. బేస్‌మెంటులో చదువుకుంటున్న మనిషి మెట్లెక్కి వచ్చి, మాకు పకోడీలు పెట్టి, మళ్లీ దిగిపోయేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. నేనేమైనా తక్కువ తిన్నానా? పకోడీ నములుతూ నేనూ ఆహా అన్నాను. అందుకు నామీద నాకే రోత.

మృదుల పాసైంది. జనవరిలో ఫలితం తెలియగానే జయదేవ్ పదిమందిని పిలిచి పార్టీ ఇచ్చాడు.

"అంతా ఈ దీపం ఇంట్లోకొచ్చిన వేళావిశేషం!" అన్నాడు. "దీని చలవతో పైకొచ్చినవాళ్లు ఐదుగురు. మా మృదుల ఆరోది!"

సిగ్గూ శరం లేని మాట. ఆమె ముఖం చూడలేక నేను ప్లేటులోకి చూశాను.

ఐదింటికే పొద్దు వాలింది. జయదేవ్ ఆర్భాటంగా స్విచ్ వేశాడు. వచ్చినవాళ్లలో పెద్దావిడ శ్యామల గారు, ఇంట్లో సాయంత్రం లైటు వేస్తే చేతులు జోడించే అలవాటున్న మనిషి. ఇక్కడా జోడించారు.

"దీపం పెట్టిన వేళ. దణ్ణం పెట్టుకో అమ్మా," అన్నారు మృదులతో.

మృదుల చేతిలోని గిన్నె టేబుల్ మీద పెట్టి బేస్‌మెంటు తలుపు తీసింది. మెట్లు దిగిన చప్పుడు, స్విచ్ టక్కుమన్న చప్పుడు వినిపించాయి. తలుపు పక్కనే ఉన్న నాకు కింద ఆమె కనిపిస్తోంది. బోడి బల్బుకి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ జోడించి కళ్లకద్దుకుంది. తిరిగి పైకి వచ్చింది.

"నేను చదువుకున్న దీపం కింద ఉంది ఆంటీ. దానికి పెట్టుకొచ్చాను."

శ్యామల గారు ఆమె ముఖంలోకి ఒకసారి, గాజు గోళం వైపు ఒకసారి చూశారు. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని మెట్ల వైపు నడిచారు.

"పద, నాకూ చూపించు."

ఆవిడ వెనక ఒక్కొక్కరే కదిలారు. నేనూ కదిలాను. అతిథులంతా కిందికి వెళ్లిపోతుంటే, దీపం కింద ఒంటరిగా మిగిలిన జయదేవ్ కంగారుగా కేకేశాడు.

"స్లిప్పర్స్ వేసుకుని దిగండి ఆంటీ! కింద ఫ్లోర్ గడ్డకట్టేంత చల్లగా ఉంటుంది, ఐదు నిమిషాలు నిలబడలేరు!"

అంటే, అతనికి తెలుసన్నమాట.