గోడ దగ్గర మాస్టారు

వెనక బెంచీ వాళ్ళు ఆయనకు మూడుముక్కల మాస్టారని పేరు పెట్టారు. ఇంటి ముందుగదిలో ఇంగ్లీషు ట్యూషను చెబుతూ, గో, వెంట్, గాన్ అని ప్రతి క్రియకూ మూడు రూపాలు పలికి, సుద్దముక్కతో కుర్చీ చేతిని మూడుసార్లు కొట్టేవారు. చొక్కా జేబు అడుగున ఎప్పుడూ తెల్లటి పొడి ఉండేది. తిట్టడం ఎరగరు. తప్పు చెప్పినవాళ్ళు లేచి గోడ దగ్గర నిలబడాలి, ఇంకొకరు తప్పు చెబితే వచ్చి కూర్చోవచ్చు, అంతే.

ఆ సాయంత్రం ‘బ్రింగ్’ అని ఆగిపోయారు. పుస్తకం చూడకుండా ముప్పై ఏళ్ళు చెప్పిన వరస అది. ఆ నెలలో అలా ఆగడం మూడోసారి. ముందు రెండుసార్లూ దగ్గు అడ్డం పెట్టుకున్నారు, ఇంట్లో చెప్పలేదు. ఈసారి దగ్గలేదు. లేచి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

“మీరెందుకు సార్?” అంది ముందు వరసలో పిల్ల.

“రూలు రూలే. కానివ్వండి.”

పిల్లలు నీళ్ళు తాగినంత సులువుగా చెప్పుకుంటూ పోయారు. ఒక్కరూ తడబడలేదు. ఆయన మాటిమాటికీ కాలు మార్చి నిలబడడం చూసి ఆ పిల్ల తన వంతు రాగానే, “టీచ్, టీచ్డ్, టీచ్డ్” అని కావాలనే తప్పు చెప్పి లేచి నిలబడింది.

ఆయన గోడ దగ్గర నుంచి కదల్లేదు. “నీకొచ్చు తల్లీ. కూర్చో.”

పిల్లలు వెళ్ళిపోయాక భార్య లైటు వేయడానికి వచ్చింది. “అందరూ వెళ్ళారుగా, ఇంకా నిలబడ్డారేంటండీ?”

“ఇవాళ ఎవరూ తప్పు చెప్పలేదే,” అన్నారాయన.