వాగు దాటనివ్వని చట్టం మీద చిదంబరప్పగారి పోరు

మా సీనియరు, బళ్ళారి న్యాయవాది చిదంబరప్పగారు గురువారం ఉదయం కన్నుమూశారన్న వార్తతో నేను నిశ్చేష్టుడనయ్యాను. నాలుగు రోజులు గడిచాక చూసుకుంటే నాలో శోకం కంటే క్రోధమే ఎక్కువగా ఉంది. సంస్మరణలో క్రోధం అనుచితమనేవారు ఈ వ్యాసం చదవనక్కరలేదు.

బళ్ళారి బ్రూస్‌పేటలో తరతరాల బట్టల వ్యాపారాన్ని తమ్ముళ్ళకు వదిలి నల్లకోటు తొడుక్కున్న మనిషి ఆయన. కోర్టులో ఇంగ్లీషు, కక్షిదారులతో తెలుగు, కోపమొస్తే కన్నడం. నేను రాసిన మొదటి దావా చదివి, “సెక్షన్లన్నీ ఉండాయి. దీంట్లో మనిషి యాడుండాడప్పా?” అని కాగితాలు నా చేతిలో పెట్టారు.

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడి బళ్ళారి జిల్లా చీలినప్పుడు హచ్చొళ్ళి గ్రామం మైసూరుకు, వాగు అవతలి పల్లె ఆంధ్రకు పోయాయి. అంతవరకూ రెండూళ్ళకూ ఒకే జిల్లా బోర్డు, ఒకే కాన్పుల నర్సు సుభద్రమ్మ. ఇకమీదట ఆమె వాగు దాటరాదని ఉత్తర్వు వచ్చింది. ఆ వానకాలమే అవతలి పల్లెలో నాగమ్మ అనే ఇల్లాలు రెండు రోజులు నొప్పులుపడి, కడుపులోని బిడ్డతో సహా ప్రాణం విడిచింది. అర మైలు దూరంలో సుభద్రమ్మ ఉత్తర్వు పట్టుకుని కూర్చుంది.

ఎవరిమీద దావా వేయాలని నాగమ్మ భర్త అడగవచ్చాడు. దావా నిలవదని చిదంబరప్పగారు నిజమే చెప్పారు. కానీ ఆ వారమే రెండు పంచాయతీలూ కలిసి ఒక నర్సును ఉంచుకునేలా ఒప్పందం రాశారు. ఇద్దరు ప్రెసిడెంట్లూ సంతకాలు చేశారు. ఇక ప్రభుత్వాల ఆమోదమే తరువాయి. పంచాయతీ అధికారం దాని పొలిమేరతోనే ముగుస్తుందని ఈ వైపు అధికారి తిప్పి పంపాడు. ముందు మైసూరు రాష్ట్రమే అడగాలని అవతలి అధికారి రాశాడు.

“రెండూర్లు కలిసి నర్సును పెట్టుకోగూడదని యాడ రాసుండాదో చూపించండి సార్,” అన్నారు చిదంబరప్పగారు ఈ వైపు అధికారితో.

నిషేధం లేదని, అనుమతీ లేదని జవాబొచ్చింది.

“అయితే అనుమతిచ్చే చట్టం చెయ్యమని పైకి రాయండి. రాసేకి చెయ్యి రాదా?”

ఎవరూ రాయలేదు. నాగమ్మ పోయాక సుభద్రమ్మ ఉత్తర్వును లెక్కచేయకుండా వాగు దాటసాగింది. ఆమెపై విచారణ పెట్టారు. చిదంబరప్పగారే నిలబడి వాదిస్తే ఉద్యోగం దక్కింది, మందలింపు మిగిలింది.

ఆ ఒప్పందానికి ఆమోదం కోసం ఆయన పోయిన నెల జ్వరంతోనే మూడోసారి బెంగళూరుకు వెళ్ళారు. ప్రభుత్వ కార్యాలయం వరండా బల్లమీద రెండు రోజులు కూర్చోబెట్టి, పెద్దలకు తీరిక లేదన్నారు. తిరిగొచ్చి మంచమెక్కిన మనిషి మళ్ళీ లేవలేదు. “ఆ రెండూర్లోళ్ళు సంతకం చేసిండారు. నువ్వు వదలద్దప్పా,” అన్నది నాతో ఆయన చివరి మాట.

నిన్నటి సంతాపసభలో ఆ కాగితాలు తిప్పి పంపిన అధికారే ఆయన పటానికి దండవేసి, ‘సమైక్య హృదయుడు’ అని కీర్తించాడు. ఒప్పందం ఏమైందని నేను కూర్చున్నచోటినుంచే అడిగాను. పరిశీలనలో ఉందన్నాడు.

సభకు సుభద్రమ్మ రాలేదు. అవతలి పల్లెలో కాన్పు ఉందని వాగు దాటి వెళ్ళింది. దానికి ఆమెపై రెండో విచారణ తప్పదు. చిదంబరప్పగారి పాదాలకు మనసులోనే మొక్కి ఈసారి ఆమె పక్కన నేను నిలబడతాను. ఆయన నిలబడినట్టు నిలబడడం నాకు చేతకాదు.