మా పావగడ ఇంటి నడిమి తోట

మా ఇంటి ప్లాను గీసింది నేనే. ఈ మాట ఎవరికైనా చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మాట మార్చాలనిపిస్తుంది.

పావగడలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, ఇళ్ళ ప్లాన్లు గీసిచ్చి బతికేవాణ్ణి నేను. మాది క్యాతగానచెర్లు. మా చేన్లన్నీ సోలార్ పార్కు కిందికి పోయాక, ఏటా వచ్చే కౌలు తప్ప ఊళ్ళో మాకు వేరే ఆధారం లేకుండా పోయింది. అమ్మ కొన్నాళ్ళు ప్యానెళ్ళ కింద గడ్డి కోసే కూలికి పోయింది. తన చేతులతో కలుపు తీసిన చేనులోకే గేటు దగ్గర కార్డు చూపించి పోయేది. అందరం ఒకే కప్పు కింద ఉండాలని నాయన పట్టుబట్టి టౌన్లో అరవై నలభై అడుగుల సైటు తీసుకున్నాడు. నాయన తల్లి అవ్వ, అమ్మ, నాయన, అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు, నేను, నా భార్య. నాలుగు తరాల తొమ్మిది మందిమి.

అప్పటికే నేను గీసే ఇళ్ళంటే నాకు వెగటు పుట్టింది. గోడకు గోడ ఆనించి, సైటు చివరి అంగుళం దాకా టైల్స్ పరిచి, ముందర స్టీలు గ్రిల్లు పెట్టిన ఇళ్ళు. వాన పడితే చుక్క నీరు భూమిలోకి దిగదు. ఎండాకాలం ఆ ఇళ్ళలోకి అడుగు పెడితే మూత పెట్టిన కుండలోకి దిగినట్టుంటుంది. మా ఇల్లు మాత్రం అట్లా కాకూడదనుకున్నాను. ఇంటి నడిమిలో ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు మట్టి నేల వదలాలి. నాలుగు వైపులా వసారా, వసారాను ఆనుకుని గదులు. ఏ గదిలోంచి బయటికి వచ్చినా ముందు చెట్టే కనపడాలి.

ఆ ప్లాను కోసం వారం రోజులు ఊళ్ళోనే ఉండి అవ్వను గమనించాను. ఆమె మెట్టు దిగేటప్పుడు ముందు చేత్తో నేలను తడుముకుంటుంది. కళ్ళకు పొర కమ్మింది. పచ్చదీ ఎర్రదీ తెలుస్తుంది కానీ, ఎదుట ఉన్నది మనిషో గుంజో తెలియదు. ఆమె కోసం మెట్ల ఎత్తు సగానికి తగ్గించాను. మంచం దిగి ఎనిమిది అడుగులు వేస్తే మట్టి తగిలేటట్టు ఆమె గది పెట్టాను. కాగితం ముందు పెట్టి చెబితే ఆమెకు అర్థం కాలేదు.

"ఇంటి నడుమ మన్నేంది నాయనా? చీమలు రావా?" అంది.

"వస్తే రానీ అవ్వా. చెట్లు ఉంటాయి."

కొంచెంసేపు వక్కాకు నములుతూ కూర్చుని, "అలసందలు ఏసుకోవచ్చా?" అని అడిగింది.

వేసుకోవచ్చన్నాను. వెంటనే నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి, పుల్లతో నేల మీద గీతలు గీసి చూపించింది. వంటింటి పక్కన కరివేపాకు. పడమటి ఎండ తగిలే నాయన కిటికీకి చిక్కుడు పందిరి. స్నానాల నీళ్ళు పోయే చోట అరటి. నేను చదువుకుని గీసిన దానికంటే ఆమె పుల్ల గీతలే మేలుగా ఉన్నాయి. వాటినే ప్లానులోకి ఎక్కించాను. టౌన్లో కుళాయి నీళ్ళు ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు కాబట్టి, స్నానాల నీళ్ళూ పాత్రలు కడిగిన నీళ్ళూ కంకర, ఇసుక నింపిన గుంతలోకి దింపి, అక్కణ్ణించి తోటకు పారించాలని రాసుకున్నాను.

మా అన్న సోలార్ పార్కులో కూలీలను కుదిర్చే పని చేసేవాడు. పెద్ద పెద్ద ఆఫీసర్లు తెలుసు. వాళ్ళలో ఎవరిదో బెంగళూరు ఇల్లు చూసి వచ్చాడు. పునాదులు లేస్తుండగా ఒకరోజు ప్లాను చేతిలోకి తీసుకున్నాడు.

"తోటంటే లాన్ రా. ఈ చిక్కుళ్ళేంది, అరటేంది? హాల్లో కూర్చున్నోళ్ళకి అద్దంలోంచి పచ్చగా కనపడల్ల."

"లాన్‌కు నీళ్ళు యాడివన్నా?"

"అది నేను చూసుకుంటా. ఇంకోటి. తానం చేసిన నీళ్ళు ఇంటి నడుమ పారిస్తావా? థూ, ఏం బుద్ధిరా. ఎవరన్నా వింటే నవ్విపోతారు."

నేను గుంత గురించి చెప్పబోయాను. వినలేదు. వేలు పెట్టి అవ్వ గది చూపించాడు.

"వచ్చినోళ్ళకి మొదట కనపడేది అవ్వ మంచమా? ఆమె చీర ఎగదోపుకొని కూర్చోని వక్కాకు ఉమ్ముతాంటే, నా ఆఫీసర్లు ఈడ కాఫీ తాగల్లనా?"

వదిన అక్కడే ఉంది. "వాసన కూడా వస్తాదప్పా. అనకూడదు గానీ, ఉండే మాటే గదా," అంది.

నాయన వింటూనే ఉన్నాడు. ఏదో అంటాడని చూశాను. ఆయన లేచి మేస్త్రీతో ఇటుకల సంగతి మాట్లాడటానికి పోయాడు.

నేను పోట్లాడలేదు. నా గదికి వెళ్ళి కాగితం పరిచి, అరగంటలో మార్చేశాను. అవ్వ గది ఉన్న చోట అద్దాల హాలు వచ్చింది. ఇంటి వెనక మెట్ల పక్కన, నీళ్ళ మోటరును ఆనుకుని ఒక గది ఉంది. దాని కిటికీ పక్కింటి గోడ వైపు తెరుచుకుంటుంది. అక్కడ ఒక మాట చెరిపి, "అవ్వ గది" అని రాశాను. సాయంత్రం నా భార్య ఆ కాగితం చూసింది.

"ఈడ ముందు స్టోరు అని రాసింది నువ్వే గదా?"

"అవును."

ఆమె కాగితం మడిచి నా చేతికిచ్చింది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత అరసికెరెలో ఒక కట్టడం పని చూడటానికి మూడు రోజులు పోయాను. తిరిగి వచ్చేసరికి ఇంటి నడిమి నేలంతా కాంక్రీటు పోసి ఉంది. లాన్ బతకదని అన్నకు ఎవరో చెప్పారట. కాంక్రీటు ఆరాక దాని మీద ప్లాస్టిక్ గడ్డి చాపలు పరిచారు. ఆకుపచ్చ అంటే అంత నీచంగా కూడా ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. పెళ్ళి పందిట్లో వేసే కాగితం పూలకైనా కొంచెం సిగ్గుంటుంది. దానికి అదీ లేదు. నడుమ ఒక సిమెంటు కొంగను, నోట్లోంచి నీళ్ళు కక్కేటట్టు పెట్టారు. ఆ నీళ్ళకు మాత్రం ట్యాంకరు తెప్పించారు.

గృహప్రవేశం రోజు వచ్చినవాళ్ళంతా ఆ గడ్డి మీద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ప్లాను ఎవరిదని అడిగితే, అన్న నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. అందరూ మెచ్చుకున్నారు. నేను నవ్వాను. నిడుగల్లు నుంచి వచ్చిన ఒక ముసలావిడ, అవ్వకు వరసకు చెల్లెలు, నా దగ్గరికి వచ్చి "మా అక్క యాడుండాది నాయనా?" అని అడిగింది.

"కాళ్ళు నొప్పులని పడుకుండాది," అన్నాను.

అవ్వ పడుకోలేదు. కొత్త చీర కట్టుకుని వెనక గదిలో కూర్చుని ఉంది. ఆమెకు అక్కడే ఆకు వేసి అన్నం పెట్టారు. ఆ ముసలావిడ చాలాసేపు వరండాలో కూర్చుని, అక్కను చూడకుండానే బస్సుకు పోయింది. ఆ అబద్ధం నాతో ఎవరూ చెప్పించలేదు. నా నోరే చెప్పింది.

వేసవి వచ్చింది. ఎండకు ప్లాస్టిక్ గడ్డి కాలి, టైరు కాల్చిన కంపు ఇల్లంతా నిండేది. పిల్లలు అడుగు పెడితే పాదాలు చుర్రుమనేవి. అన్న స్నేహితులు తిని పారేసిన ముక్కలు దాని సందుల్లోకి దిగిపోయేవి. పిల్లులు వచ్చి చేరాయి. నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోయి, మొదటి వాన నీళ్ళు చాపల కిందే నిలిచిపోయాయి. అప్పటినుంచి కొత్త కంపు మొదలైంది. వదిన అగరొత్తులు వెలిగించేది. రెండూ కలిసి ఇంకా వికారంగా ఉండేది. కంపు ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగితే, అందరూ వెనక గది వైపు చూసేవాళ్ళు. నేనూ చూశాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గర ఉన్నాం. వదిన గట్టిగా అరిచింది. హాలు అద్దంలోంచి చూస్తే, అవ్వ తోట మూలన చీర ఎత్తి కూర్చుని ఉంది. ఆమె స్నానాల గదిలో నేను కమోడు పెట్టించాను. దాని మీద ఎక్కి కూర్చోవాలంటే ఆమెకు భయం. పడిపోతానని చెప్పింది కూడా. అలవాటవుతుందిలే అన్నాను.

అన్న చెయ్యి కూడా కడగకుండా బయటికి పోయాడు. "ఏం గలీజు పని అవ్వా ఇది? ఇంట్లో మనుషులు ఉండల్నా వద్దా?"

అవ్వ కంగారుగా లేచి గోడ పట్టుకుంది. "మన్ను గదా అని కూర్చుంటి నాయనా. పచ్చగా కనపడ్తే, ఏదో మొలిసిండాది అనుకుంటి."

వంగి చేత్తో తడిమింది. రెండు మూడుసార్లు తడిమింది. "ఇది గడ్డి కాదా?" అంది.

నేను దగ్గరికి పోయాను. కంపు కొట్టింది. ఆలోచించకుండానే తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. కళ్ళు సరిగా కనపడని మనిషి, అంత దగ్గరలో అది మాత్రం చూసింది. చేతిని చీరకు తుడుచుకుని, నన్ను ముట్టుకోకుండా పక్కకు జరిగి, గోడ పట్టుకుంటూ వెనక్కి పోయింది. ఆ రోజు నా మీద నాకు పుట్టిన రోత ఇంకా పోలేదు.

మరునాడు పొద్దున నేనే చాప ఒక కొస పట్టుకుని ఎత్తాను. అడుగున నల్లటి జిగురు. అందులో మాంసం ఎముకలు, చచ్చిన బల్లి, పిల్లి మలం, సిగరెట్టు ముక్కలు. ఒక చోట బియ్యం పోసినట్టు పురుగులు కదులుతున్నాయి. కాంక్రీటు మీదనే వాంతి చేసుకున్నాను. ఇన్ని రోజులూ కంపు కొట్టింది ఇదే. దాని మీద నిలబడి ఫొటోలు తీసుకున్నాం, దాని పక్కన కూర్చుని అన్నం తిన్నాం, నిందేమో ఒక ముసలి మనిషి మీద వేశాం.

చాపలన్నీ చుట్టి వీధిలోకి లాగి, గడ్డపార తెచ్చాను. మొదటి దెబ్బకే అన్న లేచి వచ్చాడు.

"ఏంది చేస్తాండావు?"

"పగలగొడ్తాండా."

"ఎవరిని అడిగి? శుక్రవారం ఆఫీసర్లు వస్తాండారు."

"రానీ. ఆ పురుగులు చూపించు వాళ్ళకి."

"క్లీన్ చేపిస్తే అయిపోతాది గదా. దీనికి ఇంత రాద్ధాంతమెందుకు?"

నేను ఇంకో దెబ్బ వేశాను. అతను గడ్డపార పట్టుకుని లాగాడు. నేను వదల్లేదు. ఇద్దరం పెళ్ళయిన మగవాళ్ళం, ఆ మురికిలో జారుతూ గడ్డపార కోసం గుంజులాడుకున్నాం. నాయన వసారాలో నిలబడి చూస్తున్నాడు. అప్పుడు అమ్మ వంటింట్లోంచి గంప తెచ్చి, నా కాళ్ళ దగ్గరున్న కాంక్రీటు పెళ్ళలు ఎత్తడం మొదలుపెట్టింది. ఎవరి వైపూ చూడలేదు. గంప నిండితే తల మీద పెట్టుకుని వీధిలోకి పోయింది. మళ్ళీ వచ్చింది. అన్న గడ్డపార వదిలేశాడు.

సగం వరకే పగలగొట్టాం. హాలు వైపు సగం తనదని అన్న పట్టుబట్టాడు. దాన్ని కడిగించి మళ్ళీ కొత్త చాపలు వేయించాడు. ఈ పక్క సగంలో చెరువు మట్టి పోయించాను. అవ్వ గదిని తోట వైపుకు తెరవడం కుదరలేదు. మెట్ల బరువంతా ఆ గోడల మీదే ఉంది. వసారాలో మంచం వేసి, పక్కన నేల మీద కూర్చునే మరుగుదొడ్డి కట్టించాను. మొదటి పది రోజులు అవ్వ మంచం దిగలేదు. మట్టి పోశానని చెబితే, "నాకెందుకు నాయనా, మళ్ళా ఏం గలీజు చేస్తానో," అంది. నా భార్యే ఒక సాయంత్రం పిడికెడు అలసంద గింజలు ఆమె ఒడిలో పోసి, ఎంత లోతు పెట్టాలో తనకు తెలియదని చెప్పి లేపింది. గింజలు సగమే మొలిచాయి. సిమెంటు తగిలిన నేల అంతేనని అవ్వ అంది. రెండో కారు పంటకు మాత్రం కాయలు బాగా పట్టాయి.

ఇప్పుడు అన్న తన ఆఫీసర్లను మా సగంలోకి కూడా తీసుకొస్తాడు. "మా అవ్వ ఆర్గానిక్ గార్డెన్ సార్," అని చూపిస్తాడు. వాళ్ళు ఆమె పక్కన వంగి ఫొటోలు తీసుకుంటారు. ఒకాయన ఆమె చేతికి కొడవలి ఇచ్చి, కాయలు కోస్తున్నట్టు నిలబడమన్నాడు. అలసందలను ఎవరైనా కొడవలితో కోస్తారా. అవ్వ నిలబడింది. ఎవరు ఏ పని చెప్పినా అన్నం పెట్టేవాళ్ళ మాట వినాలన్నట్టు నిలబడింది. అది చూసి నేను లోపలికి వచ్చేశాను. అప్పుడు కూడా బయటికి పోయి చాలించమని చెప్పలేదు.

ఆ ఫొటోలు చూసి నా దగ్గరికి జనం వస్తున్నారు. ఆమధ్య ఒకాయన వచ్చి, ఇంటి నడుమ తోట కావాలన్నాడు. ఇంట్లో ఎంతమంది అని అడిగాను. లెక్క చెప్పాక, "మా అమ్మది వెనకాల యాడైనా పెట్టు సార్, ఆమెకి ఏదైనా ఒకటే," అన్నాడు.

"ఆమెను ఒకసారి ఈడికి తీసుకొస్తారా?" అన్నాను.

"ఆమెను ఎందుకు?"

"ఆమెతో మాట్లాడకుండా నేను గీయను."

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, తర్వాత వస్తానని వెళ్ళాడు. రాలేదు. పక్క వీధిలో వేరే అతను గీసిచ్చాడట. పునాదులకు ముగ్గు కూడా పోశారు. మా ఇంటికి పోయే దారిలోనే ఆ సైటు. దాని ముందు నుంచి పోయేటప్పుడు వెనక మూలన ముగ్గుపొడితో గీసిన చిన్న చదరం కనపడుతుంది. ఆ చదరం ఎవరి గదో నేను ఎవరినీ అడగలేదు.