పాయ రత్నం

మెకానిక్కు యేసురత్నం షెడ్డుకు ఏ బండి వచ్చినా ఆయన నోటినుంచి ముందు వచ్చే మాట ఒకటే: "పాయ!" అంటే పోయిందని. ఇక ఆశ పెట్టుకోవద్దని.

బానెట్టు ఎత్తాక అనే మాట కాదది. చాలాసార్లు బండి రోడ్డు దిగి షెడ్డు ముందు ఆగకముందే అనేవాడు. హారన్ మోగడం లేదని వచ్చిన జీపును చూసి పాయ అన్నాడు. కొత్త ట్రాక్టరు కొన్న రైతొకడు దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి, చూసి మురుస్తాడని తెస్తే చుట్టూ ఒకసారి తిరిగి, "ఎన్నాళ్లులేప్పా, ఇదీ పాయే" అని బీడీ ముట్టించుకున్నాడు.

నంద్యాలలో పాణ్యం రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు. దాన్ని ఆనుకునే ఒక హోటలు. అందులో పొద్దున్నే మేక కాళ్ల పులుసు, అదే పాయా, దొరికేది. ఊరికి కొత్తగా వచ్చిన లారీవాళ్లు "పాయ యాడప్పా?" అని అడిగితే, "తినే పాయానా, ఏడ్చే పాయనా?" అని అడిగి మరీ దారి చూపేవాళ్లు. అట్లా ఆయన పాయ రత్నం అయ్యాడు.

ఆ మాట బండ్లతో ఆగలేదు. "మబ్బు పట్టిందన్నా" అంటే, "ఈ ఏడు శనగ పాయ" అనేవాడు. ఒక్క ఇంట్లోనే అది చెల్లలేదు. ఒక మధ్యాహ్నం భార్య దెబోరా పప్పు వడ్డించి, ఉప్పు సరిపోయిందా అని అడిగితే అలవాటు కొద్దీ "పాయ" అన్నాడు. "పాయ కదా, ఇంకెందుకు?" అని ఆమె కంచం తీసుకుపోయింది. ఆ రోజునుంచి అన్నం దగ్గర ఆయన మౌనం.

ఆళ్లగడ్డ ఓబయ్య తన సొంత బండితో ఈయన దగ్గరికి వచ్చింది 2002లో, వేసవిలో. అప్పటికి ఓబయ్య బతుకు నిజంగానే పాయ అనే దగ్గరికి వచ్చి ఉంది.

ఓబయ్యకు ఉన్నది ఒక డీజిలు పికప్పు. పద్నాలుగేళ్ల పాతది. దాన్ని కొని మూడేళ్లయింది. అంతకుముందు పన్నెండేళ్లు పరాయివాళ్ల లారీలు తోలాడు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మహానందాచారి తన పనితనం అంతా ఓబయ్య బండిలోనే పంపేవాడు. విగ్రహాన్ని వరిగడ్డిలో పడుకోబెట్టి, తాళ్లు బిగించి, ముహూర్తానికి ముందే ఊరు చేర్చాలి. దారిలో ఎక్కడా ఆగకూడదు. దేవుణ్ణి తీసుకుపోయే బండి ఆగిందంటే అది బండి తప్పు కాదు, దేవుడు రానన్నట్టు.

ఆ ఏడు ఉగాదినుంచి ఓబయ్య బండి మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ శిరివెళ్ల దగ్గరే. మొదటిసారి వినాయకుడు. రెండోసారి పోతులూరమ్మ. మూడోసారి నాగప్రతిమలు. ఇంజను ముందు ఎగపోసింది, తర్వాత దగ్గింది, తర్వాత చచ్చింది. అరగంట అయ్యాక ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచింది. మూడోసారికి ఆ చుట్టుపక్కలవాళ్లు కొబ్బరికాయలతో వచ్చేశారు. "నాగులు ఈడ్నే ఉంటామంటాండాయి, దించేయప్పా" అని ఒక ముసలాయన గడ్డి లాగడం మొదలుపెట్టాడు. ఓబయ్య తాళ్లను కావలించుకుని పడుకోవాల్సి వచ్చింది.

మహానందాచారి కేకలు వేయలేదు. ఉలి పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పాడు. "ఓబయ్యా, గురువారం ఆంజనేయుడు వెలుగోడు అవతలికి పోవాల. ఇది గుడక ఆగిందనుకో, ఇంక నా గడప తొక్కాకు."

సోమవారం ఓబయ్య నంద్యాల చేరాడు.

"పాయ!" అన్నాడు యేసురత్నం, బండి ఇంకా మలుపులో ఉండగానే.

"అట్లనాకన్నా. నువ్వే కాపాడల్ల."

"పాయిందాన్ని యేసుప్రభువే లేపాల. నేను యేసురత్నాన్ని, యేసును కాదు." అంటూనే బానెట్టు ఎత్తాడు.

ఇంజను నడుస్తుండగా, డీజిలు చిమ్మే నాజిళ్లకు పోయే పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. ఏ నట్టు వదిలినప్పుడు ఇంజను చప్పుడు మారదో, ఆ సిలిండరు పనిచేయనట్టు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నాలుగింటికీ చప్పుడు మారింది.

"పాయ" అన్నాడు కళ్లు తెరిచి.

"ఏదన్నా?"

"నాలుగూ."

"నాలుగూ చెడిపోయినాయా?"

"నాలుగూ బాగుండాయి. అందుకే పాయ. చెడింది దొరికితే మందుంటాది. అన్నీ బాగుండి ఆగతాంటే ఏం మందు ఎయ్యాల?"

నాజిళ్లు ఊడదీసి, డీజిలు ఎట్లా చిమ్ముతుందో చూశాడు. పొగమంచులాగా సమంగా చిమ్మింది. పాయ. ఫిల్టరు మార్చాడు. పాతదాంట్లో మడ్డి లేదు. పాయ. పంపు టైమింగు చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. "ఇంత బాగున్న ఇంజను ఈ మధ్యన చూళ్లేదప్పా" అని తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఓబయ్య కూడా కూర్చున్నాడు. చూసేవాళ్లకు ఇద్దరూ శవం ముందు కూర్చున్నట్టే ఉంది.

మంగళవారం బండిలో సిమెంటు మూటలు వేసి పాణ్యం దాకా పోయి వచ్చారు. ఎక్కడా ఎగపోయలేదు.

"దేవుడు లేకుండా ఎప్పుడన్నా ఆగిందా?" అని అడిగాడు యేసురత్నం.

"ల్యా." ఓబయ్య తల అడ్డంగా ఊపాడు.

"బరువుకేమో?"

"బేతంచెర్ల బండలు తోలినా. దేవునికి రెండింతల బరువు. ఆగల్యా."

యేసురత్నం చాలాసేపు బండిని చూశాడు. బీడీ ఆరిపోయింది. "దేవుడెక్కితేనే ఆగతాది. అంతేనా?"

"అంతేన్నా. నేను ఏ జన్మలో ఏం చేసినానో."

"దుడ్లిచ్చి కొన్నది ఈ జన్మలోనే కదప్పా. గురువారం నేనూ వస్తా. దేవుడెక్కే పొద్దు నువ్వు ఏమేం చేస్తావో, అన్నీ అట్లే చెయ్యి. ఒక్కటి తగ్గొద్దు, ఒక్కటి పెరగొద్దు."

గురువారం తెల్లవారి ఆయన ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి ఆంజనేయుడు గడ్డిలో పడుకుని ఉన్నాడు. వెలుగోడు అవతలి పల్లె పెద్ద రామయ్య, మరో నలుగురు వెనక ఎక్కి కూర్చున్నారు. ఓబయ్య భార్య ఆదెమ్మ ఇత్తడి పళ్లెంతో బండికి పూజ చేస్తోంది. మూడుసార్లు ఆగిందన్న బాధలో ఈసారి పసుపు మరింత చిక్కగా కలిపింది. దీపాలకు, చక్రాలకు, స్టీరింగుకు బొట్లు పెట్టింది. చివర డీజిలు ట్యాంకు దగ్గరికి వచ్చి, దాని మూత నిండా పసుపు మెత్తి, నడిమధ్యన రూపాయంత కుంకుమ అద్దింది. దారి పొడుగునా ఆంజనేయ దండకం చదువుకుంటానని మొక్కుకున్నందుకు ముందు సీట్లో తానూ కూర్చుంది. ఆమెకు అటు ఓబయ్య, ఇటు కిటికీ పక్కన యేసురత్నం.

శిరివెళ్ల కనబడుతుండగానే ఇంజను ఎగపోసింది. ఓబయ్య గేరు తగ్గించాడు. ఆదెమ్మ గొంతు పెంచింది. బండి రెండుసార్లు దగ్గి, రోడ్డు పక్కకు ఒరిగి, చచ్చింది.

వెనకనుంచి రామయ్య దూకాడు. "ఇంకేముంది! సామి రానంటాండాడు."

"ఒక్క పది నిమిషాలు సామీ..." అన్నాడు ఓబయ్య.

"పది నిమిషాలు కాదప్పా, పదేండ్లయినా ఇంతే. పూజలో ఏందో తప్పు జరిగింది. ఆ పూజ చేసిందెవరు? ఈమేనా? దిగమ్మా కిందికి. దేవుడెక్కిన బండ్లో ఆడమనిషికి ఏం పని?"

ఆదెమ్మ దిగింది. దండకం నోట్లోనే ఆగిపోయింది. చేతికంటిన పసుపును చీర కుచ్చిళ్లలో దాచుకోబోయింది. ఓబయ్య ఆమెను చూడలేక రోడ్డును చూశాడు. అయిపోయింది. రేపటినుంచి మళ్లీ ఎవరి లారీ దొరుకుతుందో.

యేసురత్నం అప్పటికే ట్యాంకు దగ్గర ఉన్నాడు, అందరికీ వీపు పెట్టి. మూత తిప్పాడు. హుస్సుమని ట్యాంకు గాలి పీల్చుకుంది, అంతసేపూ నీళ్లలో ముంచిపెట్టిన మనిషి తల పైకెత్తినట్టు. మూతను దగ్గరగా పెట్టుకుని చూశాడు. రామయ్య అన్నది అక్షరాలా నిజమని ఆ క్షణాన తెలిసినవాడు ఆయనొక్కడే. తప్పు పూజలోనే ఉంది.

భుజం మీది తువ్వాలుతో మూత తుడిచాడు. జేబులోంచి సన్న తీగ తీసి పొడిచాడు. మూత బిగించి ఇటు తిరిగి, శిరివెళ్లదాకా వినబడేట్టు అరిచాడు.

"పాయ! పంపు పాయ!"

రామయ్య అదిరిపడ్డాడు.

"ముసలి పంపప్పా ఇది! ఎప్పుడో సావాల్సింది! ఆ తల్లి పూజ చేసిందానికి ఈ మాత్రం దూరం వచ్చింది. లేకుంటే ఆళ్లగడ్డలోనే పీనుగై కూర్చునేది!" అంటూ బండి కింద దూరి, దేన్నో సుత్తితో ఠంగు ఠంగుమని కొట్టాడు. ఆయన కొట్టింది తన సొంత పానానే అని ఓబయ్యకు కనబడుతోంది. కాసేపటికి తుప్పుపట్టిన బోల్టొకటి పట్టుకుని బయటికి వచ్చి రామయ్య చేతిలో పెట్టాడు. "ఇదిగో. సామిని ఆపింది ఇదే."

"ఇంత చిన్నదా?" అన్నాడు రామయ్య, తేలును పట్టుకున్నట్టు పట్టుకుని.

"చిన్నవే ఆపేది. ఎక్కమ్మా, నువ్వు చదవకపోతే బండి కదలదు."

ఆదెమ్మ రామయ్య వైపు చూసింది. రామయ్య బోల్టు వైపు చూసి, "ఎక్కు తల్లీ, బేగా" అన్నాడు. ఆంజనేయుడు నంద్యాల దాటాడు, వెలుగోడు దాటాడు, ముహూర్తానికి గంట ముందే ఊరు చేరి డప్పుల మధ్య దిగాడు.

ఆదెమ్మ ఆడవాళ్లతో కలిసి లోపలికి పోయాక, ఓబయ్య బండి నీడలో యేసురత్నం పక్కన చేరాడు.

"పంపును నువ్వు ముట్టనే ల్యా. మూత తుడిచినావ్, అంతే."

"చూసినావా?" యేసురత్నం బీడీ ముట్టించాడు. "ఇంజను డీజిలు తాగేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలప్పా. దానికని మూత నడిమధ్యన సూదిబెజ్జం పెడతారు. మీ ఆదెమ్మ బొట్టు సరిగ్గా దాని మీదనే. ముక్కు మూసి పరిగెత్తమంటే ఎవరు పరిగెత్తుతారు? శిరివెళ్ల చేరేసరికి ఊపిరి అయిపోతాది, అరగంటకు సందుల్లోంచి ఇంత గాలి చొరబడితే మళ్లీ లేస్తాది. నాలుగు రోజులకు ఎండి రాలిపోతాంది కాబట్టి బండలకు ఆగల్యా, దేవుళ్లకు ఆగింది."

ఓబయ్య మూత వైపు చూశాడు. ఆదెమ్మ మూతకు బొట్టు పెట్టడం ఈ ఉగాదినుంచే మొదలు; ఆగిన ప్రతిసారీ పసుపు ఎక్కువ చేస్తూ వచ్చింది. "మరి ఆడ్నే చెప్పొచ్చు కదన్నా, పంపు పాయ అని ఎందుకు అరిస్తివి?"

"రామయ్య ముందర చెప్పమంటావా? ఇంక ఆ యమ్మ జన్మలో పళ్లెం పట్టుకుంటాదా?" పొగ వదిలాడు. "బండిని పాయ అంటే బండేం అన్నం మానుకోదప్పా."

ఓబయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు. "పోలూరు సేటు లారీ గుర్తుందా? నేను తోల్తాంటి. ఇంజను పట్టేస్తే, దీని ఆయుస్సు తీరింది, పాయ అని సేటుతో నువ్వే అంటివి."

"తీరింది కదా."

"ఆ పొద్దు నేను రేడియేటర్లో నీళ్లు పొయ్యడం మరిచిపోతి."

"తెలుసు" అన్నాడు యేసురత్నం. "మూత తీస్తే లోపల బల్లి నిద్రపోతాండె."

మరుసటి వారం యేసురత్నం పని ఉందని ఓబయ్యను బండితో రమ్మన్నాడు. ట్యాంకు పక్కన, మూతకు జానెడు కిందుగా, గుండ్రటి ఇత్తడి బిళ్ల ఒకటి అతికించి మెరుగు పెట్టి పంపాడు. ఆదెమ్మ అదేందని అడిగితే ఏం చెప్పాలో కూడా నేర్పించి పంపాడు. ఓబయ్య ఇంటికి వచ్చి అట్లాగే చెప్పాడు: "బొట్టు పెట్టుకోవాలని కంపెనీవాళ్లు చేసిన జాగా అంట. మట్టి పట్టి ఇన్నాళ్లూ కనపళ్లేదు. అన్న రుద్ది తీసినాడు."

ఆదెమ్మ ఆ బిళ్లకు దండం పెట్టింది. "చూస్తివా, వాళ్లకు గుడక ఎంత భక్తో!" అని వీధి వీధంతా చెప్పింది.

ఆ దసరాకు ముందు ఆళ్లగడ్డనుంచి నాలుగు లారీలు, ఒక టెంపో నంద్యాల పోయి పాణ్యం రోడ్డు మీద వరసగా నిలబడ్డాయి. డ్రైవర్లు దిగి, కొంచెం సిగ్గుపడుతూ యేసురత్నాన్ని అడిగారు: "అన్నా, మా ఇంట్లోవాళ్లు అడిగి రమ్మన్యారు. మా బండికి కంపెనీవాళ్లు ఆ బిళ్ల యాడ పెట్టినారో కొంచెం రుద్ది చూస్తావా?"